నేల మీద నిలబడి నడిపే జెట్ విమానం

రేడియో తరంగాలతో నేల మీది నుంచి నడిపే నమూనా విమానాల్లో బరువులోనూ వేగంలోనూ ముందుండేవి టర్బైన్ జెట్లు. ఈ అభిరుచి ఉన్నవాళ్లు వాటిని ఆర్సీ జెట్లు అంటారు. వాటిలోనూ భారీ నమూనాలకు ఒక లెక్క ఉంది. ఇంటర్నేషనల్ మినియేచర్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ లెక్క ప్రకారం, ముక్కు నుంచి తోక దాకా పొడవునూ, రెక్కల కొస నుంచి కొస దాకా వెడల్పునూ కలిపితే 140 అంగుళాలకు, అంటే సుమారు మూడున్నర మీటర్లకు తగ్గకుండా ఉన్న జెట్టే భారీ నమూనా. ఆచరణలో ఇలాంటి విమానం 15 నుంచి 25 కిలోల బరువుంటుంది. రెక్కల వెడల్పు రెండు మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. లోపల కిరోసిన్‌తో నడిచే అసలు సిసలు గ్యాస్ టర్బైన్ ఉంటుంది. గంటకు 300 కి.మీ. వేగం దీనికి మామూలే. పైలట్ కూర్చునే చోటు ఒక్కటి తప్ప జెట్ విమానంలో ఉండాల్సినవన్నీ ఇందులో ఉన్నాయి. మనుషులు దీని వెంట పడటానికి కారణం అదే, దీన్ని చూసి జాగ్రత్తపడాల్సిన కారణమూ అదే.

తెలంగాణ పడమటి అంచున జెట్ విమానం కొత్త దృశ్యమేమీ కాదు. వికారాబాద్‌కు తూర్పు దిక్కున దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ, హకీంపేటలో మరో శిక్షణ కేంద్రం ఉన్నాయి. తాండూరుకు దాదాపు నేరుగా ఉత్తరాన, గీత గీసి కొలిస్తే 70 కి.మీ. పైచిలుకు దూరంలో, కర్ణాటకలోని బీదర్ స్థావరం ఉంది. హాక్ శిక్షణ విమానాలు 2008లో వైమానిక దళంలో చేరింది అక్కడే. తొమ్మిది హాక్ విమానాలతో విన్యాసాలు చేసే సూర్యకిరణ్ బృందం నివాసమూ అదే. 2024 డిసెంబరు 8న ఆ బృందం హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ప్రదర్శన ఇచ్చినప్పుడు హుస్సేన్ సాగర్ గట్టు నిండా జనమే. ఆ విమానాన్ని చూసిన మనసు అలాంటిదాన్ని తన చేతుల్తో నడపాలని కోరుకోవడం సహజం. నమూనా జెట్ల లోకంలో హాక్ ఎంతో ఇష్టంగా ఎంచుకునే రూపాల్లో ఒకటి. కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

భారత వైమానిక దళం వాడే హాక్ రెక్కల వెడల్పు 9.94 మీటర్లు. ఐదో వంతు నమూనా చేస్తే రెండు మీటర్లకు కాస్త తక్కువగా వస్తుంది. కొలతలు ఐదో వంతుకు తగ్గితే రెక్కల వైశాల్యం 25వ వంతుకు, ఘనపరిమాణం 125వ వంతుకు తగ్గుతాయి. ఖాళీ హాక్ సుమారు నాలుగున్నర టన్నులు. దాన్ని 125తో భాగిస్తే 36 కిలోలు. గాలిలో నమూనా కదలిక అసలు విమానాన్ని అచ్చు పోలి ఉండాలంటే బరువు అంత ఉండాలి. అప్పుడు దాని వేగం అసలు వేగంలో ఐదో వంతు కాదు, ఐదు వర్గమూలంతో, అంటే 2.24తో భాగించినంత ఉంటుంది. అసలు హాక్ గంటకు రమారమి 200 కి.మీ. వేగంతో దిగడానికి వస్తుందనుకుంటే నమూనా 90 కి.మీ. దగ్గర దిగాలి. కార్బన్ ఫైబరు, గ్లాస్ ఫైబరు, తేలికపాటి చెక్క వాడి నమూనాను 20 కిలోల లోపు తేవడం ఇప్పుడు కష్టం కాదు. బరువు అలా తగ్గితే దిగే వేగం కూడా 65–70 కి.మీ.కు దిగివస్తుంది. భారీ నమూనాలు తయారుచేసేవాళ్లు ప్రతి గ్రాము గురించి తగువులాడుకోవడం వెనక ఉన్న గణితం ఇదే.

పెద్ద నమూనా చిన్నదానికన్నా ఎందుకు అందంగా ఎగురుతుందో కూడా ఈ లెక్కే చెబుతుంది. కంటికి వేగం అనిపించేది కిలోమీటర్లలో కాదు, ఒక్క సెకనులో విమానం తన ఒంటి పొడవుకు ఎన్నింతలు ముందుకు పోయిందన్న దాన్నిబట్టి. 12 మీటర్ల హాక్ గంటకు 600 కి.మీ.తో పోతుంటే సెకనుకు తన పొడవుకు 14 ఇంతలు దాటుతుంది. దాని ఐదో వంతు నమూనా 250 కి.మీ.తో పోతే 29. అదే వేగంతో మీటరు పొడవున్న చిన్న జెట్ పోతే 69. మొదటిది ఠీవిగా సాగుతుంది, చివరిది ఈగలా గిరగిర తిరుగుతుంది. పైగా గాలి జిగట చిన్న రెక్కను పెద్ద రెక్క కన్నా ఎక్కువగా పట్టి లాగుతుంది. చిన్నపాటి గాలి తెర వీచినా తేలిక విమానం ఊగిపోతుంది. పరిమాణం పెరిగేకొద్దీ ఈ రెండు ఇబ్బందులూ తగ్గుతాయి. ఒక్కసారి భారీ నమూనాను ఎగరేసినవాళ్లు మళ్లీ చిన్నవాటి వైపు చూడకపోవడంలో వింత లేదు.

ఇంజిన్ దగ్గరకు వస్తే, ఆశ్చర్యపోవాల్సింది దాని సరళత చూసి. నీళ్ల సీసా అంత స్థూపాకారపు డబ్బా, దాని మధ్యలో ఒకే ఇరుసు. ఇరుసు ముందు కొసన అల్యూమినియం కంప్రెసర్ చక్రం, వెనక కొసన నికెల్ మిశ్రలోహపు టర్బైన్ చక్రం. ముందు చక్రం గాలిని పీల్చి పక్కలకు విసిరి రెండు మూడు రెట్ల ఒత్తిడికి అదుముతుంది. చుట్టూ ఉన్న గదిలో ఆ గాలిలో కిరోసిన్ మండుతుంది. వేడి వాయువు వెనక చక్రాన్ని తిప్పి, గొట్టం గుండా బయటికి దూసుకుపోతుంది. వెనక చక్రం తిరిగితేనే ముందు చక్రం తిరుగుతుంది. ఇద్దరు మనుషుల వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని ముఖ్య భాగాలే ఉన్న ఈ యంత్రం 18 కిలోల బరువును నిట్టనిలువుగా ఎత్తగలంత తోపుడు ఇస్తుంది. దాని సొంత బరువు కిలోన్నర.

అయితే ఈ సరళత వెనక దాగిన బలాలు భయపెట్టేవి. 66 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చక్రం నిమిషానికి 1,15,000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు దాదాపు 400 మీటర్ల వేగంతో కదులుతుంది. మామూలు గాలిలో ధ్వని వేగం కన్నా అది ఎక్కువ. ఆ అంచున ఉన్న ఒక్క గ్రాము లోహం మీద పడే లాగుడు భూమ్యాకర్షణకు 4,90,000 రెట్లు, అంటే దాదాపు అర టన్ను బరువు వేలాడదీసినట్టే. అదీ 600–700 డిగ్రీల వాయువుల మధ్య. ఇరుసు బేరింగుల్లో పింగాణీ గోళీలు వాడతారు. వాటికి కందెన వేరే ఉండదు, ఇంధనంలోనే కలిపిన నూరింట నాలుగైదు వంతుల టర్బైన్ ఆయిలే దిక్కు. నూనె కలపడం మరిచిపోతే బేరింగులు కొద్దిసేపట్లోనే పాడవుతాయి.

ఇంజిన్‌ను లేపే తీరు చూడదగ్గది. ఆపరేటర్ ట్రాన్స్‌మిటర్ మీద థ్రాటిల్ కర్రను పైకి నెట్టి కిందికి లాగుతాడు. అంతే, మిగతా పని ఇంజిన్‌తో పాటు ఉన్న చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది. ముందున్న విద్యుత్ మోటారు ఇరుసును మెల్లగా తిప్పుతుంది. లోపలి తీగ ఎర్రగా కాలుతుంది. పంపు బొట్లుబొట్లుగా కిరోసిన్ పంపుతుంది. మెత్తటి చప్పుడుతో మంట అంటుకోగానే వాయువుల ఉష్ణోగ్రత తెర మీద గబగబా ఎగబాకుతుంది. వేగం పుంజుకుని 30,000 చుట్లు దాటాక మోటారు తప్పుకుంటుంది, ఇంజిన్ తనంతట తాను నిలదొక్కుకుంటుంది. ఈ తంతు అంతా ఒక నిమిషం లోపే. మంట అంటుకోకుండా కిరోసిన్ మాత్రం లోపల చేరితే మరుసటి ప్రయత్నంలో తోక గొట్టం నుంచి జానెడు మంట బయటికి వస్తుంది. అందుకే పక్కన ఒకరు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌తో నిలబడతారు. పొడి చల్లే సిలిండర్ మంటను ఆర్పినా ఇంజిన్‌ను చెడగొడుతుంది.

ఇంత చిన్న టర్బైన్ పనిచేయదని చాలాకాలం నమ్మకం ఉండేది. చక్రం చిన్నదయ్యేకొద్దీ రెక్కల కొసకూ కవచానికీ మధ్య సందు నిష్పత్తిలో పెద్దదవుతుంది, గాలి వెనక్కు జారిపోతుంది. 1983లో బ్రిటన్‌లో ఒక బృందం టర్బైన్‌తో నమూనా విమానాన్ని ఎగరేసి ఆ నమ్మకాన్ని చెరిపేసింది. అసలు మలుపు మాత్రం జర్మనీలో వచ్చింది. కుర్ట్ ష్రెక్లింగ్ ప్లైవుడ్‌ను కార్బన్ ఫైబరుతో బిగించి కంప్రెసర్ చక్రం చేశాడు. ఇంటి వర్క్‌షాపులో చేసుకోగల ఇంజిన్‌ను పుస్తకంగా రాసి అందరి చేతుల్లో పెట్టాడు. తర్వాత థామస్ కాంప్స్ వంటివాళ్లు వాహనాల టర్బోచార్జర్లలో వాడే కంప్రెసర్ చక్రాన్నే తీసుకుని పనిని మరింత తేలిక చేశారు. లోకానికి దాచకుండా పంచిన ఈ విద్య మీదే తర్వాతి పరిశ్రమ లేచింది. జర్మన్ సంస్థ జెట్‌క్యాట్ ఇంజిన్లు నాలుగింటిని కట్టుకున్న రెక్కతో స్విట్జర్లాండ్ పైలట్ ఈవ్ రోసీ 2008 సెప్టెంబరు 26న ఇంగ్లిష్ ఛానల్‌ను పది నిమిషాల లోపే దాటాడు. అభిరుచి కోసం పుట్టిన ఇంజిన్ మనిషినే మోసింది.

ఈ కథలో హైదరాబాద్‌కూ ఇప్పుడు చోటు దొరికింది. నగరానికి చెందిన రఘు వంశీ సంస్థ 2025లో ఇంద్ర ఆర్‌వీ25 పేరుతో 240 న్యూటన్ల చిన్న టర్బోజెట్‌ను విడుదల చేసింది. 240 న్యూటన్లంటే సుమారు 24 కిలోల తోపుడు, సరిగ్గా భారీ నమూనా జెట్ల తరగతి. ఆ ఇంజిన్ ఉద్దేశం మానవరహిత విమానాలూ రక్షణ అవసరాలూ. అయినా ఇంత చిన్న కంప్రెసర్ చక్రాన్ని మైక్రాన్ల తేడా లేకుండా చెక్కగల పనితనం ఇంటి దగ్గరే ఉందన్నది ఈ రంగంలోకి రావాలనుకునే ఇంజనీరింగ్ విద్యార్థులకు గొప్ప కబురు. ఇప్పటిదాకా ఒక్క ఇంజిన్ కోసమే రెండు మూడు లక్షల రూపాయలు పెట్టి విదేశాల వైపు చూడాల్సి వచ్చేది. విమానం ఒడలు, రెక్కల పలకలను కదిపే సర్వో మోటార్లు, ముడుచుకునే చక్రాలు, ట్రాన్స్‌మిటర్ అన్నీ కలిస్తే ఖర్చు దానికి కొన్ని రెట్లు.

అంత ఖర్చు పెట్టి జనం దేన్ని కొనుక్కుంటున్నారు? వేగం ఒక్కటే కారణమైతే జవాబు తేలిక. 2017లో జర్మనీలోని బాలెన్‌స్టెట్‌లో నీల్స్ హెర్బ్రిచ్ జెట్ నమూనా గంటకు 749 కి.మీ. అందుకుని గిన్నిస్ రికార్డు సాధించింది. అయితే 2021లో కాలిఫోర్నియా కొండ వాలు వెనక గాలి తేడాను వాడుకుంటూ, ఇంజిన్ అనేదే లేని రేడియో గ్లైడర్ 882 కి.మీ. దాటింది. కాబట్టి వేగమే కావాలంటే టర్బైన్ అక్కర్లేదు. జెట్ ఇచ్చేది వేరే. కిరోసిన్ వాసన, ఇంజిన్ అందుకునేటప్పటి సన్నని కూత, రన్‌వే మీద ముక్కు లేచే క్షణం, గాలిలోకి లేచాక చక్రాలు ఒకటొకటిగా ముడుచుకోవడం, దిగేముందు ఫ్లాపులు దించడం. యంత్రశాస్త్రం, గాలి లెక్కలు, ఎలక్ట్రానిక్స్, చేతి పనితనం అన్నీ ఒక్క వస్తువులో కలిసి పరీక్షకు నిలుస్తాయి. నెలల తరబడి కట్టిన విమానం ఏడెనిమిది నిమిషాలు ఎగురుతుంది. అంతకు మించి ట్యాంకులో ఇంధనం ఉండదు, ఎందుకంటే పూర్తి వేగంలో ఈ ఇంజిన్ నిమిషానికి అర లీటరు పైనే తాగుతుంది. అదే తోపుడుకు పెద్ద విమాన ఇంజిన్‌తో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. ఆ ఏడెనిమిది నిమిషాల ఏకాగ్రత మరే పనిలోనూ దొరకదనేవాళ్లు చెప్పేది నమ్మదగినదే.

ఇక రెండో వైపు. 20 కిలోల విమానం సెకనుకు 80 మీటర్ల వేగంతో, అంటే గంటకు 288 కి.మీ.తో పోతుంటే దానిలోని గతిశక్తి 64,000 జౌళ్లు. మనిషితో కలిపి 200 కిలోలుండే మోటార్ సైకిల్ 90 కి.మీ. వేగంతో వస్తే ఉండే శక్తి అంతే. కాకపోతే మోటార్ సైకిల్ రోడ్డు మీద వస్తుంది, దానికి బ్రేకులుంటాయి, దాని మీదున్నవాడికి తన ప్రాణం మీద భయం ఉంటుంది. నమూనా జెట్‌కు ఈ మూడూ లేవు. డ్రోన్‌లా గాలిలో ఆగి నిలబడటం కూడా దీనికి చేతకాదు. వేగం తగ్గితే రెక్క గాలి పట్టు కోల్పోతుంది, విమానం రాయిలా పడుతుంది.

నడిపేవాడికి ఉన్న ఆధారం రెండు కళ్లే. రెండు మీటర్ల రెక్కలున్న విమానం 400 మీటర్ల దూరం పోతే కంటికి నిండు చంద్రుడి వెడల్పులో సగానికి కాస్త ఎక్కువగా మాత్రమే కనిపిస్తుంది. ఆ దూరానికి పోవడానికి దానికి పట్టేది ఐదు సెకన్లు. అక్కడ అది తన వైపు వస్తోందో, దూరంగా పోతోందో, ఏ వైపు ఒరిగిందో ఛాయను బట్టి పోల్చుకోవాలి. మబ్బు పట్టిన ఆకాశంలో బూడిద రంగు విమానమైతే మరీ కష్టం. అందుకే అనుభవజ్ఞులు పొట్ట కిందొక రంగు, వీపు మీదొక రంగు గట్టిగా వేస్తారు. తన వైపు వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. ఆ గందరగోళం ఒక్క సెకను సాగినా విమానం 80 మీటర్లు తప్పు దారిలో పోయినట్టే.

దిగడమే అన్నిటికన్నా గట్టి పరీక్ష. ప్రొపెల్లర్ విమానంలో థ్రాటిల్ తగ్గించగానే ప్రొపెల్లరే బ్రేకులా పనిచేస్తుంది. జెట్‌లో అది లేదు. నిమ్మళంగా తిరుగుతున్నప్పుడు కూడా ఇంజిన్ కాస్తంత తోస్తూనే ఉంటుంది. ఫ్లాపులూ గాలి బ్రేకులూ దించి వేగాన్ని చంపుకోవాలి. దిగుతూ దిగుతూ ఎత్తు చాలలేదని తెలిసి థ్రాటిల్ పెంచితే ఇంజిన్ పూర్తి తోపుడు అందుకోవడానికి మూడు సెకన్ల వరకు పడుతుంది, ఎందుకంటే ముందు చక్రాలు వేగం పుంజుకోవాలి. విమానం అప్పటికి సెకనుకు 25 మీటర్లతో వస్తోందనుకుంటే 75 మీటర్లు సాయం లేకుండానే గడుస్తాయి. కొత్తవాళ్ల విమానాలు రన్‌వేకు ముందే పొలంలో పడటానికి ముఖ్య కారణం ఈ ఆలస్యం. తప్పు చెయ్యిది కాదు, నిర్ణయం మూడు సెకన్లు ముందే జరగాల్సింది.

రేడియో గురించిన భయం మునుపటంత లేదు. పాత సెట్లలో ఒకే ఛానల్‌ను ఇద్దరు వాడితే ఒకరి విమానం ఖాయంగా కూలేది. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు పౌనఃపున్యాన్ని క్షణక్షణం మార్చుకుంటాయి, రిసీవర్ తన జత ట్రాన్స్‌మిటర్ మాటే వింటుంది. మన దేశంలో 2005 నుంచి ఈ బ్యాండుకు లైసెన్సు అక్కర్లేదు. వికారాబాద్ పక్కన దామగుండంలో 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగిన నౌకాదళ వీఎల్‌ఎఫ్ కేంద్రం వల్ల ఆటంకమా అన్న ప్రశ్న ఇక్కడివాళ్లకు రావచ్చు. ఆ కేంద్రం జలాంతర్గాములతో మాట్లాడే తరంగాలు 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్యవి. ఆర్సీ సెట్ పౌనఃపున్యం వాటికి దాదాపు లక్ష రెట్లు. అంత దూరంలో ఉన్న రెండూ ఒకదానికొకటి అడ్డు రావు. రక్షణ స్థావరం చుట్టూ ఎగరేయడానికి ఉండే ఆంక్షలు మాత్రం వేరే సంగతి, అవి తరంగాలతో ముడిపడ్డవి కావు. రేడియో కన్నా ఎక్కువగా ముంచేవి చిన్న చిన్న లోపాలు: వదులైన సర్వో కీలు, చార్జి తగ్గిన బ్యాటరీ, సరిగా బిగించని కనెక్టర్. కీలు వదులైతే ఎక్కువ వేగంలో తోక రెక్క తనకు తానే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఆ కంపం రెప్పపాటులో రెక్కను ఊడబెరుకుతుంది.

ప్రపంచంలో జరిగిన ప్రమాదాలు ఈ మాటలకు సాక్ష్యం. 2006లో హంగరీలోని ఓచా వైమానిక ప్రదర్శనలో అదుపు తప్పిన నమూనా విమానం ప్రేక్షకుల్లోకి దూసుకొచ్చి ఇద్దరి ప్రాణాలు తీసింది. 2010 ఆగస్టులో అమెరికాలోని కొలరాడోలో మనిషి నడుపుతున్న బైప్లేన్ ఒకటి రన్‌వే మీదుగా తక్కువ ఎత్తులో పోతూ భారీ నమూనాను ఢీకొంది. రెక్క దెబ్బతిన్నా పైలట్ క్షేమంగా దింపగలిగాడు. ఈ రెండిట్లోనూ కొట్టొచ్చినట్టు కనిపించేది ఒకటే: చుట్టూ మనుషులున్న చోట, ఇతర విమానాలున్న గాలిలో, పొరపాటుకు చోటు మిగల్చకపోవడం.

వికారాబాద్ పక్కనున్న అనంతగిరి పరిసరాలకు వస్తే, మూసీ పుట్టిన ఈ కొండల చుట్టూ ఉన్న పీఠభూమి దూరం నుంచి చూస్తే ఇలాంటి విమానాలకు తగిన చోటులాగే ఉంటుంది. విశాలమైన కంది చేలు, తక్కువ భవనాలు, వానాకాలం తర్వాత తేటగా ఉండే ఆకాశం. కానీ ఇక్కడి గాలినీ నేలనూ దగ్గరగా చూడాలి. వికారాబాద్ సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో ఆ ఎత్తున గాలి సాంద్రత సముద్రతీరపు ప్రామాణిక విలువలో 85 శాతమే. డిసెంబరు ఉదయం 15 డిగ్రీల్లో అది 93 శాతం. గాలి పలచబడితే ఇంజిన్ తోపుడు తగ్గుతుంది, రెక్కకు కావలసిన వేగం పెరుగుతుంది. తీరప్రాంతంలో లేవడానికి 100 మీటర్లు చాలిన విమానానికి ఇక్కడ మే నెలలో 135 మీటర్లకు పైనే కావాలి. దిగేటప్పుడూ ఎక్కువ దూరమే కావాలి. తీరప్రాంతపు రన్‌వే లెక్కలు పట్టుకుని ఇక్కడికి వస్తే నష్టం తప్పదు.

ఎండ తెచ్చే మరో ముప్పు ఇంధనంది. జెట్ ఏ-1 కిరోసిన్ ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనీస ఉష్ణోగ్రత 38 డిగ్రీల నుంచి మొదలవుతుంది. చల్లటి దేశాల్లో రాసిన జాగ్రత్తల పుస్తకాలు కిరోసిన్‌ను సాపేక్షంగా భద్రమైన ఇంధనంగా చెప్పడం అక్కడికి సబబే. తాండూరు ఎండలో డబ్బాలోని కిరోసిన్ ఆ గీత దాటేసి ఉంటుంది. ట్యాంకు నింపడం నీడలో జరగాలి, బ్యాటరీ చార్జింగ్ దానికి దూరంగా జరగాలి. కూలిన విమానంలో మూడు నాలుగు లీటర్ల కిరోసిన్, 600 డిగ్రీల ఇంజిన్, పగిలిన లిథియం బ్యాటరీ పక్కపక్కనే ఉంటాయి. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా అనంతగిరి అడవి ఆకు రాల్చి, గడ్డి ఎండి ఉంటుంది. ఆ రోజుల్లో అడవి అంచున టర్బైన్ విమానం ఎగరేయడం ఏ నైపుణ్యంతోనూ సమర్థించుకోలేని పని.

తాండూరు వైపు మరో సంగతి ఉంది. అక్కడి నాపరాయి గనుల, పాలిషింగ్ యూనిట్ల చుట్టూ సన్నని రాతి దుమ్ము ఉంటుంది. రన్‌వే మీదున్న ఒక్క గులకరాయిని ఇంజిన్ పీల్చినా లక్ష చుట్ల కంప్రెసర్ చక్రం పళ్లు విరుగుతాయి. సన్నని దుమ్మైతే ఒక్కసారిగా కాకుండా గంటల తరబడి చక్రాన్నీ బేరింగులనూ అరగదీస్తుంది. ఎగరేయడానికి ముందు రన్‌వే ఊడ్వడం కనుక అలంకారం కోసం చేసేది కాదు. పైగా ఇక్కడ ఖాళీగా కనిపించే నేల నిజంగా ఖాళీ కాదు. చేలో కలుపు తీసేవాళ్లుంటారు, గొర్రెల మందలు తిరుగుతుంటాయి, శని ఆదివారాల్లో హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లతో కొండ దారులు కిటకిటలాడతాయి. విమానం పడితే అక్కడెవరూ లేరని చెప్పగలిగితేనే ఆ చోటు పనికొస్తుంది.

వికారాబాద్ పేరు దేశపు మానవరహిత విమాన చరిత్రలో ఇప్పటికే ఉంది. 2021 సెప్టెంబరు 11న కేంద్ర పౌర విమానయాన మంత్రి జ్యోతిరాదిత్య సింధియా ఇక్కడే ఆకాశం నుంచి ఔషధాలు అనే ప్రయోగాన్ని ప్రారంభించారు. తెలంగాణ ప్రభుత్వం ప్రపంచ ఆర్థిక వేదిక, నీతి ఆయోగ్, అపోలో ఆస్పత్రులతో కలిసి చేపట్టిన ఆ పనిలో డ్రోన్లు కంటిచూపు దాటి మందులూ టీకాలూ మోశాయి. అంతకు పదిహేడు రోజుల ముందు, ఆగస్టు 25న, కేంద్రం డ్రోన్ నియమావళిని విడుదల చేసింది. ఆ నియమాల్లో నమూనా విమానాలకూ స్థానం ఉంది: 25 కిలోలు మించకుండా, చదువు, పరిశోధన, రూపకల్పన, పరీక్ష, వినోదం కోసం మాత్రమే, కంటిచూపు పరిధిలో నడిపేవి. వీటికి టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అయితే రెండు కిలోలు దాటిన విమానం చిన్న తరగతి కిందికి వస్తుంది కాబట్టి నమోదు సంఖ్య, నడిపేవాడికి రిమోట్ పైలట్ అర్హత, మూడో పక్షం బీమా కావాలి. మనుషులున్న విమానానికి ఎప్పుడూ దారి ఇవ్వాలి. 2022 ఫిబ్రవరి 9న పూర్తి డ్రోన్ల దిగుమతిని నిషేధించి విడిభాగాలకు మినహాయింపు ఇచ్చారు. విదేశీ కిట్ తెప్పించుకోవాలనుకునేవాళ్లు ఆర్డరుకు ముందే కస్టమ్స్ నిబంధన చూసుకోవాలి.

నియమాల్లో జెట్లను నేరుగా తాకేది ఎత్తు పరిమితి. ఆకుపచ్చ మండలంలో అనుమతి లేకుండా ఎగరగలిగేది 400 అడుగులు, అంటే 120 మీటర్ల దాకానే. విమానాశ్రయం హద్దు నుంచి 8–12 కి.మీ. మధ్య అది 200 అడుగులు. సెకనుకు 80 మీటర్లతో పోతున్న జెట్ భూమ్యాకర్షణకు ఐదు రెట్ల లాగుడుతో నిలువు చక్రం కొట్టినా ఆ చక్రం వ్యాసం 260 మీటర్లు ఉంటుంది. అంటే సూర్యకిరణ్‌ను చూసి మురిసి ఒక్క లూప్ కొట్టాలనుకున్నా చట్టం గీసిన కప్పును రెండింతలు దాటినట్టే. దానికి గగనతల నియంత్రణాధికారుల ముందస్తు అనుమతి కావాలి. బీదర్, దుండిగల్, హకీంపేటల మధ్య శిక్షణ విమానాలు తిరిగే ఈ గాలిలో ఆ అనుమతి కేవలం కాగితం పని అనుకోవడం ప్రమాదకరం. కింద నుంచి చూసేవాడికి పై నుంచి వచ్చే హాక్ చప్పుడు వినబడేసరికే అది దగ్గరకు వచ్చేసి ఉంటుంది.

జాగ్రత్తగా నడిపేవాళ్ల పద్ధతి ప్రపంచమంతా ఒకే తీరుగా స్థిరపడింది. ముందు ఫోమ్ విమానాలు, తర్వాత విద్యుత్ ఫ్యానుతో నడిచే జెట్లు, ఆ తర్వాతే టర్బైన్, అదీ అనుభవజ్ఞుడి పక్కన. అమెరికా మోడలర్ల సంఘం ఏఎంఏ టర్బైన్‌కు విడిగా అర్హత పరీక్ష పెడుతుంది. వేగానికి గంటకు 200 మైళ్ల హద్దు గీసింది. రేడియో సంకేతం తెగితే రెండు సెకన్లలో ఇంజిన్ ఆగిపోవాలంటుంది. ఈ చివరి నియమాన్ని నేల మీద ప్రతిసారీ పరీక్షించాలి: ఇంజిన్ నడుస్తుండగా ట్రాన్స్‌మిటర్ ఆపేసి చూడటం. నడిపేవాడి భుజం పక్కన రెండో మనిషి ఉండాలి. విమానం మీద చూపు తిప్పలేని పైలట్‌కు చుట్టూ ఆకాశాన్నీ నేలనూ చూసి చెప్పేది అతనే. చూడవచ్చినవాళ్లు పైలట్ వెనక గీతకు అవతల ఉండాలి, విమానం ఎప్పుడూ గీతకు ఇవతలే తిరగాలి. ఇంజిన్ నడుస్తుండగా టర్బైన్ చక్రం సూటిలో పక్కన ఎవరూ నిలబడకూడదు. చక్రం పగిలితే ముక్కలు ఎగిరేది ముందుకో వెనక్కో కాదు, పక్కలకు.

దిగాక కూడా పని మిగిలే ఉంటుంది. ఇంజిన్ ఆగిన తర్వాత స్టార్టర్ మోటారు ఇరుసును తిప్పుతూ చల్లటి గాలి పంపిస్తుంది, ఉష్ణోగ్రత 100 డిగ్రీల దగ్గరకు వచ్చేదాకా ఆపకూడదు. లేకపోతే వెనక చక్రంలోని వేడి ఇరుసు వెంట పాకి బేరింగు నూనెను మాడుస్తుంది. తర్వాత మిగిలిన కిరోసిన్ తీసేయడం, సర్వో కీళ్లన్నీ చేత్తో కదిపి చూడటం, ఇంజిన్ నడిచిన గంటలు రాసుకోవడం. కొన్ని పదుల గంటలు నిండగానే బేరింగుల మార్పిడికి ఇంజిన్‌ను తయారీదారు సర్వీసుకు పంపాలి.